సేవా క్లబ్బు పద్దులకు గ్నూక్యాష్: ఒక కోశాధికారి సమీక్ష

ఏటా జూలై 1న కార్యవర్గమంతా మారిపోయే చిన్న సేవా క్లబ్బుకు ఎలాంటి లెక్కల పుస్తకం కావాలన్నది ట్రెజరర్ బాధ్యత నెత్తికెత్తుకున్న ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న. కోస్తా జిల్లాల్లోని ఒక పట్టణంలో, ముప్పై మందికి అటూ ఇటూగా సభ్యులున్న రోటరీ క్లబ్బు పద్దుల కోసం నేను వాడి చూసినవాటిలో గ్నూక్యాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మిగతావాటికన్నా మేలనిపించింది. దాని హంగులు చూసి ఈ మాట అనడం లేదు, నిజానికి దానికి హంగులు తక్కువ. ఎన్నేళ్ల పద్దులనైనా ఒకే ఫైలులో ఉంచుకుని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకైనా లెక్క తీయగలగడమే దాని అసలు బలం. క్లబ్బులకు లేనిదీ, కావలసిందీ సరిగ్గా అదే. అలాగని అది అన్ని క్లబ్బులకూ సరిపోతుందని చెప్పలేను. దాని లోపాల్లో ఒకటి సేవా సంస్థల లెక్కలకు మూలమైన చోటే ఉంది.

ముందు మన ఊళ్లలో క్లబ్బు లెక్కలు నడిచే తీరు చెప్పాలి. దిగిపోయే ట్రెజరర్ రసీదు పుస్తకాలు, చెక్కు పుస్తకం, పాస్‌బుక్, వోచర్ల ఫైలు అప్పజెబుతాడు. వచ్చిన ట్రెజరర్ కొత్త రిజిస్టరు తెరుస్తాడు లేదా తనకు అలవాటైన పద్ధతిలో ఎక్సెల్ షీటు తయారు చేసుకుంటాడు. పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకంలోకి వచ్చేది ముగింపు నిల్వ అనే ఒక్క అంకె మాత్రమే. ఆ అంకె వెనక ఏముందో దానితో పాటు రాదు. ఉదాహరణకు జూన్ 30 నాటికి బ్యాంకులో 1,84,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. అందులో మృతదేహాలను భద్రపరిచే ఫ్రీజర్ బాక్సులు తీసుకెళ్లినవాళ్లు కట్టిన, తిరిగి ఇచ్చేయవలసిన డిపాజిట్లు 40,000. రోటరీ ఫౌండేషన్‌కు పంపమని సభ్యులు ఇచ్చిన, ఇంకా పంపని విరాళాలు 60,000. కొత్త ఏడాదికి ముందుగానే వసూలైన చందాలు 70,000 ఉంటే, పాత కార్యవర్గం మిగిల్చింది కేవలం 14,000. పాస్‌బుక్ చూసి కొత్త ప్రెసిడెంటు పదవీ స్వీకార సభలో లక్ష రూపాయల కార్యక్రమాలు ప్రకటిస్తే ఆయన తప్పేమీ లేదు, ఆయనకు చూపించిన అంకె అలాంటిది. ప్రతి ఏడాది లెక్కా విడిగా చూస్తే సరిగ్గానే ఉండి, పదేళ్ల లెక్కలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినప్పుడు మాత్రం ఎవరికీ బోధపడకపోవడం చాలా క్లబ్బుల్లో ఉన్న జబ్బే.

గ్నూక్యాష్ 1998లో తొలి స్థిరమైన కూర్పుగా విడుదలైంది. ప్రస్తుతం ఐదో తరం కూర్పులు నడుస్తున్నాయి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, ఏటా పునరుద్ధరించుకోనక్కర్లేదు. మన ఆడిటర్ల కార్యాలయాలన్నింటా కనిపించే ట్యాలీతో దాన్ని పోల్చక తప్పదు. ట్యాలీ వ్యాపారానికి గట్టిది, నేర్చినవాళ్లు ప్రతి వీధిలోనూ దొరుకుతారు. కానీ ఒక్కరు వాడే లైసెన్సుకే ఇరవై వేలు దాటి ఖర్చు పెట్టడానికి, నెలకు నలభై యాభై పద్దులు మించని క్లబ్బు వెనకాడటంలో అర్థం ఉంది. సభ్యుల చందాలో నుంచి ఆ సొమ్ము తీయాలంటే సమావేశంలో లేచే మొదటి ప్రశ్న ఏమిటో ట్రెజరర్‌గా చేసినవాళ్లందరికీ తెలుసు.

ఇది జంటపద్దు విధానం మీద, అంటే ప్రతి లావాదేవీనీ రెండు వైపులా సమానంగా రాసే పద్ధతి మీద నడిచే సాఫ్ట్‌వేర్. ఇంటర్మీడియట్‌లో కామర్స్ చదివినవారికి చిట్టా, ఆవర్జా, అంకణా గుర్తుంటే చాలు. చదవనివారు మాత్రం మొదట కొంత తికమకపడతారు. కొత్త ఫైలు తెరిచేటప్పుడు రూపాయిని కరెన్సీగా ఎంచుకుంటే ఒక ఖాతాల చెట్టును, అంటే ఖాతాలు, వాటి కింద కొమ్మల్లా ఉపఖాతాలు ఉన్న పట్టికను చూపిస్తుంది. అయితే ఆ సిద్ధపు పట్టికలు కుటుంబానికో వ్యాపారానికో పనికొచ్చేవే తప్ప సేవా క్లబ్బును దృష్టిలో పెట్టుకున్నవి కావు. కాబట్టి ఖాతాల చెట్టును మనమే నాటుకోవాలి. ఈ ఒక్క పనికి ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయించి, ఆడిటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే తరవాత పదేళ్లు సుఖంగా గడుస్తాయి. తొందరపడి చేస్తే ప్రతి నివేదికలోనూ ఆ తొందర బయటపడుతుంది.

చెట్టుకు మొదటి చీలిక ఎక్కడ రావాలన్న దానిపై రెండో మాట లేదు. రోటరీ సూచించే నమూనా ఉపనిబంధనలు క్లబ్బు సొమ్మును నిర్వహణ, సేవా కార్యక్రమాలు అనే రెండు భాగాలుగా ఉంచాలంటాయి. లయన్స్ క్లబ్బుల నియమం ఇంకా కఠినమైనది: ప్రజల నుంచి సేకరించిన సొమ్ము ప్రజల కోసమే ఖర్చు కావాలి, సభ్యుల విందుకో కార్యాలయ ఖర్చుకో అందులో నుంచి తీయరాదు. అందువల్ల ఆదాయం కింద సభ్యత్వ చందాలు, సమావేశ భోజనాల వసూళ్లు ఒక కొమ్మగానూ, దాతల విరాళాలు, శిబిరాల కోసం సేకరించినవి మరో కొమ్మగానూ ఉండాలి. ఖర్చుల కింద కూడా అదే చీలిక రావాలి. ఇక అప్పుల కింద పెట్టవలసినవాటిని ఆదాయంలో వేసే అలవాటు మన క్లబ్బుల్లో బాగా పాతుకుపోయింది కాబట్టి ఆ కొమ్మను ప్రత్యేక శ్రద్ధతో కట్టాలి. ఫ్రీజర్ బాక్సు డిపాజిట్టు ఆదాయం కాదు. హాలు అద్దెకు తీసుకున్నవాళ్లు ఇచ్చే అడ్వాన్సు కార్యక్రమం జరిగేదాకా ఆదాయం కాదు. రోటరీ ఫౌండేషన్ దాతలకు ఇచ్చే పాల్ హారిస్ ఫెలో గుర్తింపు కోసం సభ్యుడు ఇచ్చే వెయ్యి డాలర్ల విలువైన సొమ్ము క్లబ్బు ఖాతా గుండా ప్రయాణిస్తుందే గాని ఒక్క పైసా కూడా క్లబ్బుది కాదు. వీటన్నిటికీ అప్పుల కింద వేరువేరు ఖాతాలు తెరిచాక, ఆస్తి అప్పుల పట్టీ తీసిన ప్రతిసారీ పైన చెప్పిన 14,000 అన్న అంకె ఎవరూ విప్పి చెప్పకుండానే కనబడుతుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌తో పద్దు రాయడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక కంటి శిబిరం ఖర్చును తీసుకుంటాను. ఒక దాత కళ్లజోళ్ల కోసమని 15,000 ఇచ్చాడు. అది అందిన రోజున బ్యాంకులో జమ చేసి, అవతలి వైపు అప్పుల కింద ఉన్న నిర్దేశిత విరాళాల ఖాతాలో కళ్లజోళ్లు అన్న ఉపఖాతాకు ఎక్కించాం. శిబిరం అయ్యాక షామియానా, కుర్చీలకు 6,000, రోగులకూ వెంట వచ్చినవాళ్లకూ భోజనాలకు 7,500, కళ్లజోళ్లకు 12,000 కలిపి 25,500 రూపాయలకు ఒకే చెక్కు, శిబిరం ఏర్పాట్లన్నీ చూసిన సభ్యుడి పేరిట వెళ్లింది. బ్యాంకు ఖాతా పేజీలో తేదీ, చెక్కు నంబరు, వివరం రాసి స్ప్లిట్ అన్న బొత్తాం నొక్కితే ఆ ఒక్క పద్దు కిందే వరుసలు విచ్చుకుంటాయి. మొదటి వరుసలో బ్యాంకు నుంచి 25,500. తరవాతి మూడింటిలో మూడు ఖర్చులు. ఆ కింద నిర్దేశిత విరాళాల నుంచి 12,000 తగ్గింపు, చివరి వరుసలో అదే 12,000 సేవా విరాళాల ఆదాయంగా. ఇరువైపులా 37,500తో సరిపోతే పద్దు నిలుస్తుంది. ఎక్కడైనా అంకె తప్పితే ఆ తేడా ఇంబ్యాలెన్స్ అనే ఖాతాలోకి పోయి కూర్చుంటుంది. ఆ ఖాతాలో సున్నా తప్ప ఏదున్నా ఎక్కడో పొరపాటు దొర్లిందన్నమాట. దాత సొమ్ములో ఖర్చు కాని 3,000 మాత్రం కళ్లజోళ్ల పేరిటే మిగిలి ఉంటుంది, వచ్చే జూలైలో ట్రెజరర్ మారినా అక్కడే ఉంటుంది. రిజిస్టరు పద్ధతిలో ఈ 3,000 ముగింపు నిల్వలో కలిసిపోయి, దాత మరుసటి ఏడాది అడిగినప్పుడు ఎవరూ జవాబు చెప్పలేని సొమ్ముగా మారుతుంది.

ఈ కిటుకు పనిచేస్తుంది గాని, అసలు లోపం కూడా ఇక్కడే ఉంది. గ్నూక్యాష్‌కు నిధి అన్న భావన తెలియదు. ఒక ఖర్చు ఏ రకానిది అన్నది ఖాతా చెబుతుంది. అది ఏ నిధిలో నుంచి పోయిందో చెప్పడానికి రెండో గుర్తు పెట్టే వీలు లేదు. ట్యాలీలో కాస్ట్ సెంటర్లు అనే ఏర్పాటుతో ఈ పని సాఫీగా జరుగుతుంది: భోజనాల ఖర్చు అన్న ఒకే ఖాతాను ఉంచి, ఇది కంటి శిబిరానిది, అది రక్తదాన శిబిరానిది అని గుర్తులు పెట్టుకోవచ్చు. గ్నూక్యాష్‌లో ప్రతి కార్యక్రమానికీ విడివిడిగా భోజనాలు, రవాణా, ప్రచారం అన్న ఉపఖాతాలు తెరుచుకుంటూ పోవాలి. ఏడాదికి నాలుగైదు శిబిరాలు చేసే క్లబ్బుకు ఇది భరించదగిన శ్రమే. డయాలసిస్ కేంద్రమో బ్లడ్ బ్యాంకో నడిపే సంస్థకు, పదిమంది దాతల షరతులు కలగలిసిన పెద్ద ప్రాజెక్టుకు మాత్రం దీన్ని సిఫారసు చేయను. నిర్వహణ, సేవ రెండింటికీ బ్యాంకులోనే వేరువేరు ఖాతాలుంటే ఈ ఇబ్బంది సగానికి సగం తగ్గుతుంది. ఒకే బ్యాంకు ఖాతాతో నెట్టుకొస్తున్న క్లబ్బు సాఫ్ట్‌వేర్ మార్చడం కన్నా ముందు రెండో ఖాతా తెరవడం మంచిది.

రెండు క్యాలెండర్ల తలనొప్పికి మాత్రం దీనిలో చక్కటి మందు ఉంది. రోటరీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది, ఆదాయపు పన్ను శాఖకు సంవత్సరమంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ప్రెసిడెంటు తన ఏడాది లెక్కను సర్వసభ్య సమావేశంలో పెట్టాలి, ఆడిటర్‌కు మార్చి 31 నాటి లెక్క కావాలి; ఈ రెండింటి మధ్య తొమ్మిది నెలలు ఒక ప్రెసిడెంటువి, మూడు నెలలు మరో ప్రెసిడెంటువి. చాలా క్లబ్బుల్లో దీనికోసం ఒకే వోచర్లను రెండు పుస్తకాల్లో రెండుసార్లు రాస్తారు, రెండూ ఒకదానితో ఒకటి సరిపోవు. గ్నూక్యాష్‌లో పద్దు ఒక్కసారే ఎక్కుతుంది. నివేదిక తీసేటప్పుడు మొదటి తేదీ, చివరి తేదీ మార్చుకుంటే చాలు. పన్ను మినహాయింపు పొందిన సంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతాన్ని తన ఆశయాలకే వినియోగించాలన్న నియమం మార్చి 31ని గీటురాయిగా తీసుకుంటుంది గనుక, ఫిబ్రవరి నెలాఖరులో ఏప్రిల్ 1 నుంచి అప్పటివరకు లెక్క ఒకసారి తీసి చూసుకుంటే, జూన్‌లో చేద్దామనుకున్న కార్యక్రమాన్ని మార్చిలోపు జరపాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో క్లోజ్ బుక్ అన్న ఏర్పాటు ఉంది, అది ఏడాది చివర ఆదాయ వ్యయాలను సున్నా చేసి మిగులును నిధిలోకి మారుస్తుంది. దాన్ని వాడకపోవడమే మేలని నా అభిప్రాయం. అది వాడకపోయినా లెక్క తప్పదు, వాడితే రెండు క్యాలెండర్లలో ఏదో ఒకదానికి పుస్తకాన్ని కట్టేసినట్లవుతుంది.

పాత రిజిస్టర్లలోని ఏడాది మొత్తాలనైనా ఎక్కించుకోగలిగితే అసలు రుచి అప్పుడు తెలుస్తుంది. ఇటీవలి కూర్పుల్లో ఆదాయ వ్యయాల పట్టికను, ఆస్తి అప్పుల పట్టీని ఏడాదికొక నిలువు వరుస చొప్పున పక్కపక్కన చూపించే నివేదికలు వచ్చాయి. ఏ ఒక్క ఏడాది లెక్కలోనూ కనిపించని విషయాలు వాటిలో కనిపిస్తాయి. అంతర్జాతీయ రుసుము సంగతే తీసుకోండి. రోటరీ ఇంటర్నేషనల్‌కు ప్రతి సభ్యుడి తరఫున క్లబ్బు కట్టవలసింది 2017–18లో ఏడాదికి 60 డాలర్లు, 2025–26లో 82 డాలర్లు. జూలై, జనవరి నెలల్లో రెండు వాయిదాలుగా కట్టే ఈ సొమ్ము డాలర్లలో చూస్తే మూడో వంతు పైచిలుకు పెరిగింది. కానీ 2017 జూలైలో డాలరు 64, 65 రూపాయల మధ్య ఉండేది. 2025 జూలైకి 86 దరిదాపులకు వచ్చింది. అంటే ఒక్కో సభ్యుడికి 3,900 లోపు పడినది 7,000 దాటింది. ముప్పై మంది క్లబ్బుకు లక్షా పదహారు వేల దగ్గర్నుంచి రెండు లక్షల పది వేల దాకా పోయిందన్నమాట. రోటరీ డిస్ట్రిక్టు రుసుము, రోటరీ పత్రిక చందా దీనికి అదనం. సభ్యత్వ చందా పెంచుదామని ప్రతిపాదించిన ప్రతి ట్రెజరర్‌కూ ఈ ఒక్క వరుస చాలు. మాటలతో గంటసేపు వాదించినా లొంగని సీనియర్లు ఈ పట్టిక చూశాక లొంగుతారని నా నమ్మకం. ఆ పెంపు భారం కనబడకుండా ఎక్కడ సర్దుబాటు అవుతూ వచ్చిందో కూడా ఆ పట్టికే చెబుతుంది: సమావేశ భోజనాల మీద మిగులు తగ్గుతుంది, ఆ తరవాత ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ నిర్వహణ ఖర్చుల వైపు జరుగుతుంది, చివరికి డిపాజిట్టే కరుగుతుంది.

శాశ్వత నిధుల కథ దీనికన్నా నిశ్శబ్దంగా నడుస్తుంది. తల్లిదండ్రుల పేరిట దాతలు ఇచ్చిన సొమ్మును డిపాజిట్ చేసి, ఏటా వచ్చే వడ్డీతో పదో తరగతి పిల్లలకు ఉపకార వేతనాలు ఇవ్వడం మన క్లబ్బుల్లో పాత సంప్రదాయం. స్టేట్ బ్యాంకులో ఏడాది డిపాజిట్ మీద 2014లో 9 శాతం దాకా వచ్చిన వడ్డీ 2020 చివరికి 5 శాతం దగ్గరికి పడిపోయింది. 5 లక్షల నిధి మీద 45,000 వచ్చేది 25,000కు దిగింది. పిల్లల సంఖ్య తగ్గించడానికి ఏ ప్రెసిడెంటుకూ మనసొప్పదు, కాబట్టి ఆ తేడా ఎక్కడి నుంచో వస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఏడాది లెక్కలో ఇతర ఖర్చుల కింద దాగిపోతుంది. డిపాజిట్లను ఆస్తుల కింద బాండు నంబరుతో సహా ఒక్కొక్క ఖాతాగా తెరిచి, వాటికి ఎదురుగా ఏ దాత నిధి ఏది అన్నది వేరుగా ఉంచితే, నిధి అసలు మొత్తం కన్నా డిపాజిట్ తక్కువైన ఏడాది ఏదో వేలు పెట్టి చూపించవచ్చు. దీనికోసం గ్నూక్యాష్ ప్రత్యేకంగా చేసేదేమీ లేదు. ఏళ్లను కలిపి ఉంచడమే అది చేసే సాయం.

చందా బకాయిల విషయంలో నా అభిప్రాయం కొంత మిశ్రమం. వ్యాపారాలకు ఉద్దేశించిన ఇన్‌వాయిసు ఏర్పాటును వాడి ప్రతి సభ్యుణ్నీ ఖాతాదారుగా నమోదు చేస్తే, ఎవరి బకాయి నెల దాటింది, ఎవరిది మూడు నెలలు దాటింది అన్న పట్టిక క్షణంలో వస్తుంది. నివేదికగా అది అమోఘం. అయితే ముప్పై మందికి ఇన్‌వాయిసులు తయారు చేసి, వసూలైనప్పుడల్లా దానికి జత కలపడం పెద్ద పని. తేదీ ఒకటి తప్పినా బకాయి లేని పెద్దమనిషి పేరు జాబితాలో కనిపించి సభలో ఇబ్బంది వస్తుంది. సభ్యుల బకాయిలు అన్న ఖాతా కింద మనిషికొక ఉపఖాతా తెరిచి, జూలైలో ఒకే పద్దుతో అందరికీ చందా రాసేయడం తేలిక. షెడ్యూలు చేసిన పద్దుల ఏర్పాటు ఉంది గనుక ఆ పద్దును ప్రతి ఏడాదీ కొత్తగా రాయనవసరం లేదు.

బ్యాంకుతో సరిచూసుకునే రీకన్సైల్ కిటికీ ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. స్టేట్‌మెంటు తేదీ, ముగింపు నిల్వ ఇచ్చి, ఒక్కో పద్దుకూ టిక్కు పెట్టుకుంటూ పోతే కింద తేడా అన్న అంకె తగ్గుతూ సున్నాకు చేరుతుంది. జమకాని చెక్కులు టిక్కు లేకుండా మిగిలిపోతాయి. యూపీఐ వచ్చాక క్లబ్బు ఖాతాలో పేరు తెలియని చిన్న మొత్తాలు పడటం మామూలైపోయింది కాబట్టి ఈ పని నెలనెలా చేయకపోతే ఆరు నెలల తరవాత ఎవరు పంపారో కనుక్కోవడం బ్రహ్మతరం కాదు.

ఆడిటర్ దగ్గరికి వెళ్లేసరికి మాత్రం కొంత చేతిపని తప్పదు. మన సొసైటీలకు వసూళ్లు చెల్లింపుల ఖాతా, ఆదాయ వ్యయాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ మూడూ కావాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంఘం ఏటా సర్వసభ్య సమావేశం జరిపి లెక్కలు, కార్యవర్గ జాబితా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. తెలంగాణలోనూ అదే చట్టం కొనసాగుతోంది. చివరి రెండు పట్టికలు గ్నూక్యాష్ నేరుగా ఇస్తుంది. మొదటిదానికి బదులు క్యాష్ ఫ్లో అన్న నివేదిక ఉంది. నగదు, బ్యాంకు ఖాతాలను ఎంచుకుంటే సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో, ఎటు పోయిందో ఖాతాలవారీగా చూపిస్తుంది గాని, ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ అందులో ఉండవు. వాటిని ఎక్సెల్‌లో పైనా కిందా చేర్చుకోవాలి. ఇంత పాత సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు వరుసలు లేకపోవడం ఆశ్చర్యమే.

మన పన్ను ఫారాల జోలికి అది అసలు పోదు. క్లబ్బుకు అనుబంధంగా మినహాయింపు పొందిన ట్రస్టు ఉంటే, పన్ను మినహాయింపు కోసం 80జి రసీదులు ఇచ్చిన దాతల పేర్లు, పాన్ నంబర్లు, మొత్తాలు 2021–22 ఆర్థిక సంవత్సరం నుంచి ఫారం 10బీడీలో దాఖలు చేయవలసి వచ్చింది. ఏడాది ముగిశాక మే 31 గడువు దాటితే రోజుకు 200 రూపాయల చొప్పున ఆలస్య రుసుము. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు దక్కదు. గ్నూక్యాష్‌లో రెండు వరుసల చూపు పెట్టుకుంటే ప్రతి పద్దు కిందా నోట్సు రాసే చోటు వస్తుంది, పాన్ అక్కడ రాసుకోవచ్చు. జాబితా తీయడం మాత్రం మన పనే. ట్రస్టు వేరే సంస్థ కాబట్టి దానికి వేరే ఫైలు పెట్టాలి. ఎన్ని ఫైళ్లయినా పెట్టుకోవచ్చు గాని రెండింటినీ కలిపి ఒక నివేదిక తీయడం కుదరదు. మినహాయింపు నమోదు 2021 ఏప్రిల్ నుంచి శాశ్వతం కాకుండా ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకునేదిగా మారింది. ఆదాయం 5 కోట్ల లోపున్న సంస్థలకు 2025 ఆర్థిక చట్టం దాన్ని పదేళ్లు చేసింది. దరఖాస్తు వేళ గడిచిన మూడేళ్ల దాకా లెక్కలు అడుగుతారు. ఏడాదికొక ట్రెజరర్ ఇంట్లో ఉన్న రిజిస్టర్లను వెతుక్కోవడానికీ, ఒకే ఫైలులో తేదీలు మార్చి తీసుకోవడానికీ తేడా అప్పుడు తెలుస్తుంది.

భద్రత విషయంలో జాగ్రత్త అవసరం. ఈ ఫైలుకు తాళం లేదు, పాస్‌వర్డు అడగదు. కంప్యూటరు తెరవగలిగినవారెవరైనా లెక్క తెరవగలరు, పాత పద్దును దిద్దగలరు. సరిచూసిన పద్దును మార్చబోతే హెచ్చరిస్తుంది గాని ఆపదు. ఫైలు లక్షణాల్లో ఫలానా రోజులకన్నా పాతవైన పద్దులను దిద్దకుండా ఎర్ర గీత గీసే వీలుంది, దాన్ని తప్పక పెట్టుకోవాలి. తప్పు పడిన పద్దును తుడిచేయకుండా, కారణం రాసి రద్దు చేసే ఏర్పాటూ ఉంది, అదే వాడాలి. ప్రతి మార్పూ పక్కన లాగ్ ఫైలులో నమోదవుతుంది, పాత ప్రతులు కొన్నాళ్లు మిగులుతాయి. వాటిని చెత్త అనుకుని తీసేసేవాళ్లు ఎక్కువ. ఒకే సమయంలో ఇద్దరు ఒకే పుస్తకంలో పని చేయలేరు. ట్రెజరర్, సెక్రటరీ ఇద్దరూ చెరో చోట నుంచి రాయాలనుకునే క్లబ్బు వేరే దారి చూసుకోవాలి.

తెలుగు సంగతి. పద్దుల వివరాలు, ఖాతాల పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు, నివేదికల్లోనూ అలాగే వస్తాయి. సాఫ్ట్‌వేర్ తెర మీది మాటలకు తెలుగు అనువాదం ఉన్నా అది అసంపూర్ణం, ఉన్నంతలోనూ ఏ మాట దేనికో పోల్చుకోవడం కష్టం. తెరను ఇంగ్లిషులో, పద్దులను తెలుగులో ఉంచుకోవడం అనుకూలంగా ఉంటుంది.

దీన్ని తీసుకోదలచిన క్లబ్బు కొత్త ఏడాది మొదలయ్యే జూలై 1 కోసం ఎదురుచూడకుండా ఏప్రిల్ 1 నుంచి ఎక్కించడం మొదలుపెడితే, పాత ట్రెజరర్ పదవిలో ఉండగానే మూడు నెలల పద్దులు ఆయన చేతి మీదుగా సరిపోతాయి, సందేహాలు అడగడానికి మనిషి అందుబాటులో ఉంటాడు. జూన్ 30 నాటి ఆస్తి అప్పుల పట్టీని కాగితం మీద తీసి, దిగిపోయే ట్రెజరర్, వచ్చే ట్రెజరర్, ప్రెసిడెంటు ముగ్గురూ సంతకాలు చేసి మినిట్స్ పుస్తకంలో అంటించాలి. ఫైలును పెన్‌డ్రైవులో ఒక ప్రతి, క్లబ్బు పేరిట ఉన్న ఈమెయిలు డ్రైవులో మరో ప్రతి ఉంచాలి. ట్రెజరర్ సొంత ఈమెయిలులో మాత్రం ఉంచకూడదు.